మూడో లేన్‌లో ఏడు మీటర్లు

ఏం చేసేవారు అని ఎవరైనా అడిగితే టీచరునని చెబుతాను. ముప్పై ఏళ్ళు తమిళ బడిలో లెక్కలు చెప్పాను, రిటైరయ్యాను, నేనూ ఆ బడీ ఒకరినొకరం హాయిగా మరిచిపోయాం. మనసుపెట్టి చేసిన పని మాత్రం వేరే ఉంది. సెలవురోజుల్లో పరుగుపందాల మైదానాలకు వెళ్ళి, పరిగెత్తేవాళ్ళను వాళ్ళ వాళ్ళ గీతల వెనక నిలబెట్టేదాన్ని. తుపాకీ పేల్చేది స్టార్టరు. అందరూ ఆయన్నే చూస్తారు. ఆయన పేల్చేలోపు ఎవరు ఏ లేన్‌లో, ఏ గీత దగ్గర నిలబడాలో చూసేది నాలాంటి సహాయకులు. మమ్మల్ని ఎవరూ చూడరు. మేం తప్పు చేసినప్పుడే మేం ఉన్నామని తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్క తప్పు చేశాను. అదీ మైదానంలో ఎవరికీ తెలియలేదు.

మాది మలేషియాలో బాగన్ దాతుక్ వైపు సుంగై సుమున్ అనే ఊరు. మా తాతను శ్రీకాకుళం వైపు నుంచి తోటపనికి తీసుకొచ్చారు. మా నాన్న ఆ తోటలోనే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. ఇప్పుడు ఆ తోట ఇళ్ళూ లేవు, అక్కడి తెలుగూ లేదు. నేనూ మా ఆయనా కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక ఫ్లాట్లో ఉంటాం. వీధిలో తమిళం, ఆఫీసుల్లో మలయ్, పిల్లలతో ఇంగ్లీషు. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ, అన్నం తిన్నావా అంటే "యెస్ మా" అంటారు. ఇక తెలుగులో మాట్లాడటానికి నాకు మిగిలింది మా ఆయన ఒక్కరే. ఆయన దగ్గర ఉన్న మాటలన్నీ పెళ్ళయిన మొదటి పదేళ్ళలోనే అయిపోయాయి. ఈ గోల ఎందుకు చెబుతున్నానంటే, నా తప్పుకు మూలం ఇక్కడే ఉంది.

ఏడేళ్ళ క్రితం కౌలాలంపూర్ దగ్గర ఒక ఓపెన్ పోటీ జరిగింది. ఓపెన్ అంటే ఏ దేశం వాళ్ళయినా రావచ్చు. సముద్రం మధ్య ఎక్కడో, మా బాగన్ దాతుక్ జిల్లా కంటే చిన్న దేశం నుంచి ఒక జట్టు వస్తోందన్నారు. ఆ దేశం పేరు రాయను. రాస్తే ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది, అక్కడ పరుగుపందాలు నడిపేది ఆవిడ ఒక్కతే మరి. జట్టంటే ఇద్దరు. పరిగెత్తే అమ్మాయి ఒకతె. మిగతావన్నీ ఒక పెద్దావిడే. ఆవిడే మేనేజరు, ఆవిడే కోచ్, పందెం ముందు పిల్ల కాళ్ళు పట్టేది ఆవిడే, ఆ దేశపు అథ్లెటిక్స్ సంఘానికి కార్యదర్శీ ఆవిడే. డెబ్బై దగ్గరపడిన మనిషి. నెరిసిన జడ, చీర మీద జట్టు కోటు, కాళ్ళకు పరుగు బూట్లు. పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఆమె కాగితం నా చేతికొచ్చింది. పేరు చివర ‘అమ్మ’ అని ఉంది.

మీరు తెలుగువాళ్ళా అని ఇంగ్లీషులో అడిగాను.

ఆవిడ నా మెడలో కార్డు మీది పేరు చదివింది. తర్వాత నా మొహం చూసింది. "ఏటీ, నువ్వు మనోలవా సెల్లీ?" అంది.

మా నాయనమ్మ పోయాక ఆ యాస బయటివాళ్ళ నోట వినలేదు. బల్ల ముందు నిలబడే కళ్ళు తుడుచుకున్నాను. వాళ్ళ తాతలు చెరుకు తోటలకు పోయారు, మా తాతలు రబ్బరు తోటలకు వచ్చారు. బహుశా ఇద్దరూ ఒకే రేవులో ఓడెక్కి ఉంటారు. నూరేళ్ళు దాటాక ఒక స్టేడియం మెట్ల కింద ఇద్దరు ఆడవాళ్ళం ఏటంటే ఏటనుకుంటూ నిలబడ్డాం. వెనక వరుసలో వాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. ఆ పూట నుంచి ఆవిడ నాకు అప్ప. మేం అక్కను అప్ప అంటాం. వాళ్ళ దీవిలోనూ అంతేనట.

పోటీలు మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం కాంటీన్లో కూర్చుని, నురగలు కక్కే టీ తాగుతూ అప్ప తన సంఘం సంగతి చెప్పింది. ఆఫీసంటే వాళ్ళింటి వెనక గది. అందులో ఒక ఇనప బీరువా, పాత కప్పులు, ఒక జెండా. అధ్యక్షుడు ఒక మంత్రి, ఫొటో తీసే రోజు వస్తాడు. దేశం మొత్తానికి ఉన్నది ఒకే ట్రాక్, అదీ గడ్డిది. పోటీల ముందు సున్నంతో గీతలు తనే గీస్తుంది. వానొచ్చి చెరిపేస్తే మళ్ళీ గీస్తుంది.

"అయితే దేశం సంఘమంతా నీ ఇంట్లోనే ఉన్నాదన్నమాట," అన్నాను.

"ఇంట్లో ఏటి? రబ్బరు ముద్ర నా సంచీలో ఉంటాది. నాను యే ఊరెల్తే సంఘం ఆ ఊర్లో ఉన్నట్టే," అని పకపకా నవ్వింది.

వాళ్ళ దేశంలో ఆడవాళ్ళ ఎనిమిది వందల మీటర్ల రికార్డు ఆవిడదే. ఇరవై నాలుగేళ్ళ వయసులో పరిగెత్తింది. నలభై ఏళ్ళు దాటినా ఎవరూ దాన్ని ముట్టుకోలేకపోయారు. ఎంత గొప్ప అప్పా అన్నాను. అంతే, ఆవిడకు కోపమొచ్చింది.

"గొప్పేటి? సిగ్గు సెల్లీ. నలభై ఏళ్ళు ఒక రికార్డు అలాగే పడున్నాదంటే నాను బాగా పరిగెట్టినానని కాదు. నా తరవాత ఒక్క పిల్లని తయారు సెయ్యలేకపోనానని. ఇరవయ్యేళ్ళ నుండి కార్యదర్శిని. నా రికార్డుకి నానే కాపలా కాసినట్టున్నాది."

సంచీలోంచి ఒక లావుపాటి రిజిస్టరు తీసి నా ముందు పెట్టింది. ఎర్ర అట్ట, మూలలు అరిగిపోయాయి. ఒక్కో పేరూ ఒక్కో చేతిరాతలో ఉంది. వాళ్ళ సంఘంలో ఒక ఆనవాయితీ ఉందట. రికార్డు పోగొట్టుకున్నవాళ్ళే తమ పేరు కింద కొత్తవాళ్ళ పేరు తమ చేత్తో రాయాలి. పోయినవాళ్ళదైతే వాళ్ళింట్లోవాళ్ళు వచ్చి రాస్తారు. ఆ పుస్తకంలో చాలామంది ఓడిపోయిన రోజు రాసిన అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో చెప్పలేను.

"నాది నాను బతికుండగా నా సేత్తోనే రాయాలని ఉన్నాది," అంది అప్ప. "గుండె పెద్దదైపోనాదన్నాడు డాక్టరు. పెద్దదైతే మంచిదే గదా అన్నాను. కాదంట."

ఆ అమ్మాయి మా మాటలేవీ అర్థంకాక పక్కన కూర్చుని అరటికాయ బజ్జీలు తింటోంది. తెలుగు రాదు, వాళ్ళ దీవి భాషా ఇంగ్లీషూ వచ్చు. ఇరవై రెండేళ్ళు. పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే పని. సైకిలున్నా పరిగెత్తి పంచుతుందట. అప్ప ఆశంతా ఆ సన్నటి కాళ్ళ మీదే ఉంది.

పందెం మూడో రోజు మధ్యాహ్నం. ఆకాశం నల్లబడి, వాన ఏ క్షణాన విరుచుకుపడుతుందో తెలియకుండా ఉంది. ఐదుగురు పరిగెత్తాల్సిన గుంపులో ఇద్దరు రాలేదు, ముగ్గురే మిగిలారు. అప్ప పిల్లది మూడో లేన్. ఆమెకు బయటివైపు ఎవరూ లేరు.

ఇక్కడ గీతల సంగతి కాస్త చెప్పాలి. ఎనిమిది వందలంటే రెండు రౌండ్లు. మొదటి మలుపు వరకూ ఎవరి లేన్‌లో వాళ్ళు పరిగెత్తాలి, ఆ తర్వాత అందరూ లోపలికి వచ్చేయొచ్చు. బయటి లేన్ వాళ్ళకు మలుపు పెద్దది కాబట్టి వాళ్ళను కొంత ముందు నిలబెడతాం. ఒక్క రౌండు పందేనికైతే ఉత్త తెల్లగీత. రెండు రౌండ్లకైతే మధ్యలో ఆకుపచ్చ ముక్క ఉన్న గీత, అది కాస్త వెనక ఉంటుంది. మూడో లేన్‌లో ఈ రెండు గీతలకూ మధ్య దూరం ఏడు మీటర్లు.

పందేనికి పది నిమిషాల ముందే వెళ్ళి గీతలు చూసుకోవడం నా పని. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ మానలేదు. ఆ రోజు మానాను. కంచె దగ్గర అప్పతో మాట్లాడుతున్నాను. పందెం గురించయినా కాదు, ఎండు నెత్తళ్ళ చేపల గురించి. గోంగూరలో నెత్తళ్ళు ఎప్పుడు వేయాలి, ఉడికాకా ముందా, వాళ్ళ నాయనమ్మ ఎలా వేసేది, మా నాయనమ్మ ఎలా వేసేది. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"చెపాత్ లా, కాక్!" అని స్టార్టరు అరిచాడు. తొందరగా కానీ అక్కా, వానొస్తోంది అని. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఒకటో లేన్ పిల్లను నిలబెట్టాను, రెండో లేన్ పిల్లను నిలబెట్టాను. మూడో లేన్‌లో లాంగ్‌జంప్ గుంటలోంచి కాళ్ళకంటుకుని వచ్చిన ఇసుక పరుచుకుని ఉంది. ఇసుక అవతల తెల్లగీత స్పష్టంగా కనిపించింది. అక్కడికి తీసుకెళ్ళాను.

ఆ పిల్ల గీత వైపు చూసి, నా వైపు చూసింది. "ఇక్కడేనా ఆంటీ?" అని అడిగింది.

"ఇక్కడే," అన్నాను.

తుపాకీ పేలింది. ఆ పిల్ల రెండో స్థానంలో వచ్చింది. బోర్డు మీద టైము వెలగగానే స్టాండులోంచి అప్ప వేసిన కేక గేటు బయట బస్సుల వాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. పాత రికార్డు కంటే సెకనులో ఎనిమిది పదో వంతులు తక్కువ. నేనూ చిన్నపిల్లలా గెంతాను. ఇంతలో వాన వచ్చింది. పావుగంట కురిసి, పని అయిపోయినట్టు ఠక్కున ఆగిపోయింది.

లేన్ నంబర్ల డబ్బాలు తీసుకురావడానికి వెళ్ళాను. వాన ఇసుకనంతా కడిగేసింది. మూడో లేన్‌లో వెనగ్గా, వెలిసిపోయిన ఆకుపచ్చ ముక్క కనిపించింది.

కాసేపు ఏమీ అర్థంకానట్టు నటించాను, నా దగ్గరే. తర్వాత అక్కణ్ణుంచి తెల్లగీత దాకా అడుగులు వేశాను. పది. లెక్కల టీచరును కదా, మెట్లెక్కుతూ ఉండగానే లెక్క తేలిపోయింది. ఏడు మీటర్లకు సెకను మీద కొంచెం. ఆ కొంచెం కలుపుకుంటే రికార్డు బద్దలవలేదు. అర సెకను కూడా కాదు, దానికంటే తక్కువ తేడాతో తప్పిపోయింది.

చెప్పడానికే వెళ్ళాను, అది మాత్రం నిజం. అప్ప స్టాండులో కూర్చుని ఉంది. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది. తన పేరు కింద ఆ అమ్మాయి పేరు, ఒక్కో అక్షరమూ ముగ్గు వేస్తున్నట్టు. ఆ పిల్ల భుజాన తువ్వాలుతో పక్కనే నిలబడి, పెదవి కొరుక్కుంటూ చూస్తోంది.

"రా సెల్లీ, రా. సంతకం ఎట్టు. బయల్దేరించినోలు సాచ్చికం ఎట్టాల," అంది అప్ప.

"అప్పా..." అన్నాను.

తల ఎత్తింది. నలభై ఏళ్ళ బరువు దించుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో నేను అంతకుముందు చూడలేదు. "ఏటమ్మా, ఏడస్తన్నావేటి?" అంది.

"సంతోసం అప్పా," అన్నాను. సంతకం పెట్టాను. ఆవిడ సంచీలోంచి రబ్బరు ముద్ర తీసి, నోటితో ఆవిరిపట్టి, నా సంతకం పక్కన గట్టిగా నొక్కింది.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన టీలో బిస్కట్టు ముంచుకుంటూ విన్నారు.

"యేడు మీటర్లే గదే. ఆ ముసలామి సంతోసంగా ఇంటికెల్లిపోద్ది. ఎవుడికి నష్టం? వొదిలీ లా," అన్నారు, చివర మలయ్ వాళ్ళ ‘లా’ తగిలించి.

మా ఆయన మాట నేను విన్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు మాత్రం వెంటనే విన్నాను. నాకు కావలసిన మాట అదే కాబట్టి విన్నాను. ఎవరికి నష్టం? నిజమే కదా. ఆ దేశం రికార్డు, ఆ దేశం పుస్తకం. ఆవిడ బతికుండగా రాయాలనుకుంది, రాసింది. నేను నోరు విప్పితే ఒక గుండె జబ్బు మనిషి ఆనందం చెడగొట్టడం తప్ప ఒరిగేదేముంది? నా పిరికితనానికి దయ అని పేరు పెట్టుకున్నాను. కొన్ని నెలలు బాగానే నిద్రపోయాను.

తర్వాత అప్ప ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టింది. వారానికోసారి, పదిరోజులకోసారి. రాయడానికి ఇద్దరికీ తెలుగు అక్షరాలు సరిగా రావు, అందుకని మాటలే పంపుకునేవాళ్ళం. ఎండల గురించీ మోకాళ్ళ గురించీ చెప్పేది. ఏడాది గడిచాక ఆ మాటల్లో ఆ పిల్ల సంగతి ఎక్కువైంది.

"పిల్లకి ఏటయ్యిందో తెల్దు సెల్లీ. మీ ఊర్లో పరిగెట్టినాక మళ్ళీ ఆ టైముకి రానేకపోతంది. ఎంత సేసినా కాదు. తిండి మాన్నాది, అమ్మానాన్నల్తో మాటాడ్డం మాన్నాది. నాలోనే ఏదో సచ్చిపోయిందంటాది."

నేను ఏం చెప్పానో గుర్తుంది. "వత్తాదిలే అప్పా, ఓపిక పట్టమను." ఇదే మాట రకరకాలుగా రెండేళ్ళు చెప్పాను. ఓపిక పడితే వచ్చేది కాదని ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్ని. ఆ పిల్ల తను ఎన్నడూ పరిగెత్తని పరుగును అందుకోవడానికి పొద్దున్నే లేచి పరిగెడుతోంది. నష్టం ఎవరికో నాకు అప్పుడు తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను. ఎన్నోసార్లు ఫోను నోటి దగ్గర పెట్టుకుని "అప్పా, ఆ రోజు..." అని మొదలుపెట్టి చెరిపేశాను. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది, చెప్పకపోవడం అలవాటవుతుంది.

వాళ్ళ ప్రభుత్వం కొత్త ట్రాక్ వేయించింది. అప్ప ఎగిరి గంతేసినంత పనిచేసింది. ట్రాక్ తెరిచే రోజు పిల్ల పరిగెడుతుందనీ, దేశమంతా వస్తుందనీ చెప్పింది. ఆ తర్వాత అప్ప దగ్గర్నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. నెల తిరక్కుండా సంఘం కాగితం మీద ఆవిడ పోయిందన్న కబురు వచ్చింది. పంపినవాళ్ళ సంతకం కింద అదే ముద్ర.

నేను మైదానానికి వెళ్ళడం మానేశాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నిజంగానే నొప్పులు ఉన్నాయి గానీ, మానింది అందుకు కాదు.

పోయిన ఏడాది ఆ అమ్మాయి ఫోన్ చేసింది. సైబర్‌జయలో ఏదో కంపెనీ శిక్షణకు రెండు వారాలు వచ్చిందట. ఆదివారం ఎంఆర్‌టీ రైలు పట్టుకుని నన్ను చూడటానికి వస్తానంది. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరటాకు భోజనం పెట్టే హోటల్లో మధ్యాహ్నం కలిశాం. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. పోస్టాఫీసులోనే పెద్ద పనికి వెళ్ళిందట. పరుగు మానేసింది. అప్ప తర్వాత సంఘానికి కార్యదర్శి తనే.

ఆకులో సాంబారు పోస్తుండగానే అడిగేసింది. ఇంగ్లీషులో, మెల్లగా, చాలా రోజులు మనసులో తిప్పుకున్న ప్రశ్న అడిగినట్టు.

"ఆంటీ, ఆ రోజు నన్ను దగ్గర్నుంచి చూసింది మీరే. ఆ రోజు నాలో ఏముంది? నేను బూట్లు మార్చాను. నిద్ర వేళలు మార్చాను. ఇద్దరు డాక్టర్లకు రక్తం చూపించాను. పెళ్ళి వాయిదా వేశాను, అతను వెళ్ళిపోయాడు. మళ్ళీ అలా పరిగెత్తలేకపోయాను. ఇప్పుడు నా దగ్గర చిన్నపిల్లలు నేర్చుకుంటున్నారు. నాలాగా చేతికొచ్చింది పోగొట్టుకోకండి అని వాళ్ళకు చెబుతాను. అసలు నేనేం పోగొట్టుకున్నానో మీరైనా చెప్పండి."

అన్నం కలిపిన చెయ్యి ఆకులోనే ఉండిపోయింది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"నువ్వేమీ పోగొట్టుకోలేదమ్మా. నీ గీత అది కాదు. ఏడు మీటర్లు ముందు నిలబెట్టాను. ఇక్కడేనా అని నువ్వడిగావు కూడా. ఇక్కడే అన్నాను."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"అదే రోజు. వాన ఆగగానే."

తిట్టి ఉంటే బాగుండేది. సాంబారు ఆకు మీద నా వైపు పారుకుంటూ వచ్చింది, ఎవరూ ఆపలేదు. ఆమె ఎడమచేత్తో ఫోను తీసి, ఎక్కడో వెతికి, ఒక అంకె చూపించింది. కొత్త ట్రాక్ తెరిచిన రోజు తన టైము.

"మీరు లెక్కల టీచరు కదా. మీ అప్ప పాత రికార్డులోంచి దీన్ని తీసేయండి," అంది.

తీసేశాను. మూడు పదో వంతులు మిగిలాయి. ఆ పిల్ల ఆ రోజు అప్పను నిజంగానే దాటింది. సొంత దేశంలో, సొంత ట్రాక్ మీద, సరైన గీత వెనక నిలబడి దాటింది.

ఆ రోజు సంగతి అప్పుడు చెప్పింది. బడులన్నిటికీ సెలవిచ్చారు. జనం కంచెల మీదకెక్కి కూర్చున్నారు. అప్పను చక్రాల కుర్చీలో తెచ్చి గీత దగ్గర పెట్టారు, చేతిలో స్టాప్‌వాచ్. తను గీత దాటింది. బోర్డు మీద టైము పడింది. నేను పుట్టించిన ఆ దొంగ రికార్డు కంటే అర సెకను ఎక్కువ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మైకులో తర్వాతి పందెం పిలిచారు. అప్ప కుర్చీలోంచి పేరు పెట్టి పిలిచింది, రెండుసార్లు పిలిచింది. తను విననట్టు బూట్లు చేత పట్టుకుని గేటులోంచి బయటికి నడిచింది.

"తిడుతుందనుకున్నాను," అంది. "ఆ తర్వాత వాళ్ళింటి వైపు వెళ్ళలేదు. మొహం చూపించలేకపోయాను. ఇరవై రోజులకు పోయింది. నన్ను ఏమనుకుంటూ పోయిందో."

ఏమనుకుందో నాకు తెలుసు. ఆ ట్రాక్ తెరిచాక అప్ప పంపిన ఆ ఒక్క మాట ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఎన్ని ఫోన్లు మార్చినా దాన్ని వెంట తెచ్చుకున్నాను, ఒక్కసారి కంటే ఎక్కువ వినలేదు. దాన్ని బల్ల మీద పెట్టి నొక్కాను. చుట్టూ గిన్నెల చప్పుడు, తమిళం కేకలు. వాటి మధ్యలో అప్ప గొంతు, ఆయాసంతో.

"సెల్లీ, పిల్ల ఎల్లిపోనాది. పిలిసినా ఆగనేదు. నా సేతిలో వాచీ ఉన్నాది గదా, నాను సూసినాను. నా టైముని దాటేసినాది. మీ ఊర్లో టైము రాకపోతే పోనీ, అదేటో నాకు తెల్దు. నా కళ్ళ ముందర నన్ను దాటేసినాది, అది సాలు నాకు. ఇన్నేళ్ళకి కళ్ళారా సూసినాను. నా మాట ఇంటాదో ఇనదో. నువ్వొకపాలి ఫోన్ సెయ్యి. నువ్వు సెప్తే ఇంటాది. ఒకపాలి వచ్చి పొమ్మని సెప్పు సెల్లీ."

తెలుగు రాని పిల్ల ఆ గొంతు వినగానే రెండు చేతులతో మొహం కప్పుకుంది. కొంతసేపటికి చేతులు తీసి, "ఏమంటోంది?" అంది.

చెప్పాను. నువ్వు తన టైమును దాటావని చూసింది, సంతోషపడింది, కళ్ళారా చూశానంది, అది చాలంది. అన్నీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆమె బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. హోటలు వాళ్ళు మావైపు చూశారు. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చేత్తో నిమిరే హక్కు నాకు లేదని తెలిసే నిమిరాను.

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఈసారి చెవి ఫోను దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది.

"చివర్లో ఫోన్ అంది కదా," అంది. "ఆ ముక్క మీరు చెప్పలేదు."

"నీకు ఫోన్ చేసి, ఒక్కసారి వచ్చి వెళ్ళమని చెప్పమంది."

"ఎవరిని చెప్పమంది?"

"నన్ను," అన్నాను.